జితేందర్ జాగల ఎవరొచ్చిన్రు

గద్వాల కోట ముందరి సందులో నాగప్ప షట్టరు పైకెత్తగానే బాలస్వామి వచ్చేస్తాడు. గడ్డం గీయించుకోవడానికి కాదు. గడ్డం ఆయన ఇంట్లోనే గీసుకుంటాడు. ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సు నడిపి దిగిన మనిషి, పొద్దున్నే ఎక్కడో ఒక సీట్లో కూర్చోకపోతే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకని నాగప్ప దుకాణంలో మూలనున్న పాత కుర్చీలో కూర్చుని, పక్క హోటల్ నుంచి వచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని, నిన్న మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెడతాడు.

"శ్రవణే," అన్నాడు ఆ రోజు కూడా. "లెఫ్ట్ బ్యాక్‌ల నిలబడ్డది ఎవరు? శ్రవణ్ కుమార్. అంటే జితేందర్ జాగల వచ్చింది శ్రవణ్."

నాగప్ప ఎవరి మెడకో గుడ్డ కడుతున్నాడు. చిన్నప్పుడే రాయచూరు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయాడు గానీ, చిరాకు పుడితే నోట్లోకి ముందు కన్నడమే వస్తుంది. "సుమ్నె, ఉట్టిగ మాట్లాడకన్నా," అన్నాడు. "శ్రవణ్ ముందు సంది టీంలనే ఉండె గదా. నడుమ ఆడెటోడు పక్కకు జరిగిండు, అంతే. బయటికెళ్లి లోపలికి వచ్చింది ఎవరు? రాకేష్. పది మందిని పదకొండు చేసింది ఎవరు? రాకేష్."

"ఆ లెక్కన డ్రైవర్ దిగిపోతే కండక్టర్ స్టీరింగ్ పట్టిండనుకో. కండక్టర్ పనికి కొత్తోన్ని పెట్టుకున్నరు. ఇగ డ్రైవర్ జాగల వచ్చింది ఆ కొత్తోడా?"

"బస్సు వేరే, బంతి వేరే."

కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరైనా సరే, సబ్బు నురగ మొహంతోనే ఏదో ఒక పక్షం తేల్చుకోవాల్సి వచ్చేది. గద్వాలలో ఫుట్‌బాల్ చూసేవాళ్లంతా ఆ ఏడాది రెండుగా చీలిపోయారు. కూరగాయల మార్కెట్ శ్రవణ్ వైపు, బస్టాండు రాకేష్ వైపు. ఒక పెళ్లిలో ఒకే బంతిన కూర్చున్న బావాబామ్మర్దులు విస్తళ్ల ముందు నుంచి లేచేసరికి మాటలు మానేశారు.

జితేందర్ గద్వాల జట్టులో ఎడమ వైపు కాపు కాసేవాడు. పగలు పత్తి జిన్నింగు మిల్లులో పని, సాయంత్రం మైదానం. పెద్దగా గోల్స్ కొట్టినవాడు కాదు. కానీ అతను ఉన్నంతకాలం వనపర్తి జట్టుకు గానీ నాగర్‌కర్నూల్ జట్టుకు గానీ ఆ పక్క నుంచి దారి దొరికేది కాదు. కిందటి వానాకాలం చివర్లో, మిల్లు నుంచి బండి మీద వస్తూ జూరాల కాలువలో ఒక అమ్మాయి కొట్టుకుపోతుండడం చూశాడు. బండికి స్టాండు కూడా వేయలేదు. దూకాడు. అమ్మాయి గట్టెక్కింది. అతను ఎక్కలేదు. అవతల తూము దగ్గర దొరికాడు.

ఆ అమ్మాయి పేరు సుప్రియ. అది ఊరందరికీ తెలుసు. కానీ శ్రవణా రాకేషా అనే గొడవలో ఆమె పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

అతని దినాలు గడవగానే మూడు జిల్లాల కప్పు మొదలైంది. కోచ్ వెంకటన్న జితేందర్ స్థానానికి శ్రవణ్‌ను జరిపి, శ్రవణ్ ఆడే నడిమి స్థానంలోకి రాకేష్‌ను దింపాడు. మొదటి ఆట వనపర్తిలో. బంతి మొదటిసారి ఆగింది అక్కడే.

వనపర్తివాళ్లు ఎడమ పక్కకు పొడుగ్గా ఒక బంతి కొట్టారు. అది నేల తాకి, రెండుసార్లు ఎగిరి, జితేందర్ ఎప్పుడూ నిలబడే చోటికి వచ్చి ఆగింది. ఆగిందంటే నిమ్మళంగా ఉండిపోలేదు. ఉన్నచోటే సన్నగా వణుకుతూ, కొంచెం అటు తిరిగి, కొంచెం ఇటు తిరిగి, ఎవరి పిలుపు కోసమో చెవులు రిక్కించినట్టు ఉండిపోయింది. ఎవరూ దాని మీదికి పోలేదు. వనపర్తి పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. రిఫరీ తన గడియారం ఆపాడు. కాసేపటికి బంతి తనంతట తాను రెండు మూరలు దొర్లింది. ఆట మళ్లీ నడిచింది.

ఆ తర్వాత ప్రతి ఆటలోనూ అంతే. సగం ఆటకు జట్లు పక్కలు మారితే బంతి కూడా తన చోటు మార్చుకునేది. కొత్త బంతి తెచ్చినా అదే తీరు. ఆగినంత సేపు ఆట చివర్లో కలపడం రిఫరీలకు అలవాటైపోయింది. ఆ వ్యవధిలో చూసేవాళ్లు పల్లీలు కొనుక్కునేవాళ్లు. కాకపోతే ఒకటి. బంతి ఆగినప్పుడల్లా మైదానం చుట్టూ ఉన్న జనానికి ఎందుకో నిలకడ పోయేది. కూర్చున్నవాళ్లు లేచేవాళ్లు. లేచినవాళ్లు చెప్పులు వెతుక్కునేవాళ్లు. ఇంట్లో పొయ్యి మీద ఏదో పెట్టి మరిచి వచ్చినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఇంటికి పోయినా ఆ నస వదిలేది కాదు. బాలస్వామి, నాగప్పల వాదం తెగకపోవడానికి సగం కారణం అదే. ఏదో ఒకటి తేలితే గానీ లోపల కుదుట పడదనిపించేది వాళ్లకు.

రాకేష్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. ఆ రోజు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, తన పేరే నలుగుతుంటే విన్నాడు. కుర్చీలో కూర్చున్నాడన్న మాటే గానీ మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"కాలు ఆపురా, చెవి తెగుతది," అన్నాడు నాగప్ప.

"ఆగుతలేదు మామ."

"నువ్వే చెప్పు మరి. జితేందర్ జాగల వచ్చింది నువ్వా, శ్రవణా?"

రాకేష్ అద్దంలోంచి ఇద్దరినీ చూశాడు. "నేను కాదు మామ. నేనైతే బంతి నా కాడ ఆగుతుండె. శ్రవణన్న గూడ కాదు. అన్న పక్కకెళ్లే పోతది, అన్న దిక్కు చూడనే చూడదు."

"మరి ఎవరి కోసం ఆగుతుందంటవ్?" అని అడిగాడు బాలస్వామి.

"ఇంకెవరి కోసం, జితేందరన్న కోసమే," అన్నాడు రాకేష్. ఆ మాట అన్నాక మోకాలు ఇంకా ఎక్కువ ఊగింది. సగం కత్తిరించిన తలతోనే లేచి, మిగతాది రేపు చేద్దువు మామ అని వెళ్లిపోయాడు.

జితేందర్ తల్లి రేణుకమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. కొడుకు బతికి ఉండగా ఒక్క ఆట కూడా చూడలేదు. ఇప్పుడు ప్రతి ఆటకూ వస్తుంది. ఎడమ గీత పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది, జట్లు పక్కలు మారితే తనూ మారుతుంది. బంతి ఆగినప్పుడు మాత్రం కళ్లు దాని మీదే ఉంచేది. రాకేష్ సీసాతో నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. ఆటలో ఉన్నా సరే, బంతి ఆగితే అందరికీ తీరికే కదా.

ఒకసారి నీళ్లు తాగి సీసా తిరిగిస్తూ అడిగింది. "అది ఎవరి కోసం చూస్తుందిరా?"

"అన్న కోసమే అంటున్నరు అవ్వా."

"కాదు. వాని కోసమైతే మా ఇంటికి వస్తుండె. మిల్లుకు పోతుండె. వాడు లేడని దానికి ఎరుకే. ఇంకెవరినో చూస్తుంది అది."

ఈలోగా బంతి కదిలింది, రాకేష్ పరుగెత్తాడు.

రైలు గేటు దాటినాక, చర్చి వెనక బస్తీలో, సిమెంటు రేకుల ఇంట్లో సుప్రియ ఉంటుంది. తల్లి సత్యమ్మ, ఆమె, ఇద్దరే. తండ్రి పూణెలో కట్టడాల పనికి పోయి చాలా కాలమైంది. పండగలకు వచ్చిపోతుంటాడు. తల్లీకూతుళ్లు సీడు పత్తి చేలల్లో పనికి పోయేవాళ్లు. మొగపూలు కోసుకుని, ఆడ మొగ్గలకు ఒక్కొక్కదానికీ పుప్పొడి రాసే పని. పొద్దున ఎండ ముదరకముందే అయిపోవాలి. సుప్రియ చెయ్యి చురుకు. ఆమె రాసిన మొగ్గ వట్టిపోదని రైతులు పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఇంటర్ పాసైంది. నర్సింగ్ చదవాలని ఉండేది. చేరడానికి కావలసిన కాగితాలు కూడా తెచ్చుకుంది.

కాలువ సంగతి జరిగాక ఆమె గడప దాటలేదు.

మొదట్లో జ్వరం అనుకున్నారు. తర్వాత భయం అనుకున్నారు. పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. ఊళ్లో మాటలు మాత్రం ఊరుకోలేదు. జారిందని కొందరు, దూకిందని కొందరు. అతను ఆమెకు ముందే ఎరుక అని ఇంకొందరు. నిజానికి ఆ ఇద్దరూ ఒకరినొకరు అంతకుముందు చూడనైనా లేదు. సత్యమ్మ నీళ్ల కోసం పంపు దగ్గరికి పోతే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. ఆపేసిన మాట అన్న మాట కంటే ఎక్కువ కుట్టేది.

సుప్రియ ఇంట్లో కూడా ఒకచోట కుదురుగా ఉండేది కాదు. గోడ నుంచి గోడకు నడిచేది. కూర్చుంటే కుడి కాలు కిందికి మడిచి, లంగా అంచు దాని మీదికి లాక్కునేది. అన్నం సగం తిని లేచేది. సత్యమ్మ చూసి చూసి, చివరికి ఒక రోజు చెప్పింది.

"ఈ ఐతారం కూలోళ్ల మేస్త్రి బండి పూణె పోతుందంట. మీ నాయనకు ఫోన్ చేసి చెప్పిన. మనం గూడ పోదాం."

"పోయి?"

"పోయి ఏముంది, ఇటుకలు మోస్తం. ఆడ మనల్ని ఎవరు ఎరుగరు. ఎవరు చూసి మాట ఆపరు."

సుప్రియ చాలాసేపు కిటికీలోంచి చర్చి గోడ చూసింది. "సరే," అంది.

ఆ ఆదివారమే గద్వాల కోట మైదానంలో ఆఖరి ఆట. గద్వాలకూ నాగర్‌కర్నూల్‌కూ. కోట గోడల మీద కూడా జనం ఎక్కి కూర్చున్నారు. బాలస్వామి, నాగప్ప పక్కపక్కనే కూర్చుని ఒకరి వైపు ఒకరు చూడకుండా వాదించుకుంటున్నారు. రేణుకమ్మ తన గోనెసంచి మీద ఉంది. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోల్ రాలేదు.

రెండో సగం మొదలైన కొద్దిసేపటికి బంతి ఎడమ పక్కకు వచ్చి ఆగింది. రిఫరీ గడియారం ఆపాడు. పల్లీలమ్మేవాళ్లు గంపలు ఎత్తుకున్నారు. కానీ ఆ రోజు బంతి తొందరగా కదల్లేదు. వణుకు ఎక్కువైంది. దాని కింద నుంచి సన్నగా దుమ్ము లేచింది. తర్వాత మెల్లగా దొర్లడం మొదలుపెట్టి, సున్నం గీత దాటి, రేణుకమ్మ పక్క నుంచి పోయి, కోట దర్వాజ వైపు నడిచింది.

రిఫరీ విజిల్ నోటి దాకా తీసుకుపోయి ఊదలేదు.

మొదట కదిలింది రాకేష్. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చెప్పగలిగేవాడు కాదు. ఇన్నాళ్లుగా ఆ బంతి ఆగిన ప్రతిసారీ కాలు నిలవక చచ్చిన మనిషి, అది కదిలేసరికి దాని వెనక పోకుండా ఉండలేకపోయాడు. అతని వెనక శ్రవణ్, ఆ వెనక రెండు జట్లవాళ్లు, గోల్ కీపర్లతో సహా. రేణుకమ్మ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని నడిచింది. ఆమె లేచాక ఇక ఎవరూ కూర్చోలేదు.

బంతి దర్వాజ దాటి బజారులోకి వచ్చింది. చీరల దుకాణాల ముందు నుంచి నిదానంగా పోయింది. ట్రాఫిక్ పోలీసు ఆటోలను చెయ్యెత్తి ఆపాడు. ఒక ఎద్దుబండి దారి ఇచ్చింది. పాత బస్టాండు మలుపులో కాసేపు ఏ దారో తేల్చుకోలేనట్టు అక్కడక్కడే తిరిగి, రైలు గేటు వైపు మళ్లింది. గేటు పడి ఉంది. బంతి మోటార్‌సైకిళ్ల వరుసలో వెనక నిలబడి, గూడ్సు బండి పోయి గేటు లేచేదాకా ఆగింది. దాని వెనక ఊరు ఆగింది.

"ఎటు పోతుందన్నా ఇది?" అని అడిగాడు నాగప్ప.

"శ్రవణ్ ఇల్లు ఇటు కాదు," అన్నాడు బాలస్వామి.

"రాకేష్ ఇల్లు గూడ కాదు."

చర్చి వెనక బస్తీలో మేస్త్రి తుఫాన్ జీపు ఇంజను మోగుతూ ఉంది. పైన మూటలు కట్టి ఉన్నాయి. సత్యమ్మ తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, లోపలున్న కూతుర్ని పిలుస్తోంది. సందు మొదట్లో జనం కనబడేసరికి ఆమె గుమ్మానికి అడ్డంగా జరిగింది. ముందు ఒక బంతి, దాని వెనక నిక్కర్లు వేసుకున్న పిల్లలు, వాళ్ల మధ్యలో రేణుకమ్మ. జితేందర్ శవం లేచిన రోజు దూరం నుంచి చూసిన మొహం అది. దగ్గరికి పోవడానికి అప్పుడు ధైర్యం చాలలేదు.

బంతి వచ్చి గడప ముందు ఆగింది. వణుకుతోంది.

"మేం పోతనే ఉన్నం గదక్కా," అంది సత్యమ్మ. "పోయెటోళ్ల మీదికి ఇంతమంది ఎందుకొచ్చిన్రు?"

"నేను రాలేదమ్మా," అంది రేణుకమ్మ. "అది వచ్చింది. దాని ఎంబడి వచ్చిన. బిడ్డ యాడుంది?"

సుప్రియ సంచి భుజానికి తగిలించుకుని తలుపు వెనకే ఉంది. గడప దాకా వచ్చి ఆగిపోయింది. జనాన్ని చూడలేదు. బంతిని చూసింది. అది వణికే తీరు ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ తన ఒళ్లు కూడా లోపల అట్లాగే ఉంది.

బండిలోంచి మేస్త్రి తల బయటికి పెట్టి, "ఎక్కుతరా లేదా సత్యమ్మా, ఇంకా ఊళ్లు తిరిగి మనుషుల్ని ఎక్కించుకోవాలె," అన్నాడు. జనాన్ని చూసి తల లోపలికి తీసుకున్నాడు.

"నేను దూకలే పెద్దమ్మా," అంది సుప్రియ. "చేను కాడికెళ్లి వచ్చి చేతులు కడుక్కుంటుంటి. జారిన."

"నాకెరుకే. దూకెటోళ్లు చెప్పులు గట్టు మీద ఇడుస్తరు. నీ చెప్పులు నీళ్లల్ల దొరికినయంట."

"చెప్పాల్సింది అది కాదు."

సుప్రియ తలుపు రెక్క పట్టుకుంది.

"ఆయన నన్ను గోడ దాకా తోసుకొచ్చిండు. కాలువ గోడ నాచు పట్టి ఉండె. పట్టు దొరకలే. నా బుజం మీద కాలు పెట్టి ఎక్కు అన్నడు. నేను పెట్టలే. ఎట్ల పెడ్త, మనిషి మీద. మల్ల కోపం చేసిండు. అప్పుడు పెట్టిన. గట్టిగ తన్ని ఎక్కిన. పైకెక్కి తిరిగి చూస్తే లేడు." ఆమె తన కుడి కాలు వైపు చూసుకుంది. "ఈ కాలే పెద్దమ్మా. నేను తన్నితేనే లోపలికి పోయిండు."

బాలస్వామి తల మీది కండువా తీసి చేతిలో నలిపాడు. సత్యమ్మ కూతురు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకు కూడా ఈ మాట ఇప్పుడే తెలిసింది.

రేణుకమ్మ మెల్లగా గడప పక్కనున్న రాయి మీద కూర్చుంది.

"కోపం చేసిండా?"

"చేసిండు."

"ఏమని?"

"నీకు చెవులు లేవా, కాలు పెట్టమంటుంటె, అని."

రేణుకమ్మ పెదవులు ఒక పక్కకు లాక్కుపోయాయి. అది నవ్వో ఏడుపో దగ్గరగా ఉన్న రాకేష్‌కు కూడా తెలియలేదు. "అది నా తిట్టు," అంది. "నీకు చెవులు లేవారా అని దినాం నేను వాన్ని తిట్టే తిట్టు. అన్నం సల్లారుతుంది రారా అంటే రాడు, మబ్బు పట్టింది పోకురా అంటే పోతడు. నా మాట ఎన్నడు ఇన్నోడు కాదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు చెప్తే నువ్వన్న ఇన్నవు. ఇనకపోతే ఇద్దరు పోతుంటిరి."

సుప్రియ కదల్లేదు.

"ఆ కాలు ఇటు పెట్టు."

"వద్దు పెద్దమ్మా."

"పెట్టమంటున్న గదా."

సుప్రియ గడప దాటింది. దాటినట్టు ఆమెకు తెలియలేదు, చూసిన సత్యమ్మకు తెలిసింది. రేణుకమ్మ వంగి ఆ కుడి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"అయ్యో అక్కా, పెద్దదానివి, కాలు పట్టొద్దు," అని సత్యమ్మ ముందుకు రాబోయింది.

"ఉండమ్మా," అంది రేణుకమ్మ. "వాన్ని ఆఖరికి తాకింది ఇదే. నన్ను జరసేపు తాకనియ్యి."

ఆమె కొంగు చివరతో పాదం మీది దుమ్ము తుడిచింది. మడమ తుడిచింది. వేళ్ల సందుల్లో తుడిచింది. వంట చేసి చేసి గరుకెక్కిన చేతులు అవి. సుప్రియ తలుపు రెక్క వదిలేసి ఆమె భుజం పట్టుకుని నిలబడింది. అప్పుడు ఏడ్చింది. కాలువ నుంచి వచ్చిన రోజు నుంచీ ఏడవని పిల్ల, ఒక చేత్తో రేణుకమ్మ భుజం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, పైట కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. బంతి ఓపిగ్గా ఆగింది.

చాలాసేపటికి రేణుకమ్మ పాదాన్ని కింద పెట్టింది. "ఇగ దాన్ని తన్ను. పాపం, ఎన్ని దినాల సంది తిరుగుతుందో."

"నాకు తన్నరాదు."

"వానికి గూడ మొదట్ల రాకుండె. మా ఇంటి అద్దాలు వాడు పగలగొట్టినన్ని ఎవరు పగలగొట్టలే."

సుప్రియ బంతి వైపు చూసింది. కుడి కాలు ఎత్తి, ఎలా తన్నాలో తెలియక, పక్కకు నెట్టినట్టు తన్నింది. బంతి వంకరగా పోయి, రాయికి తగిలి ఎగిరి, రాకేష్ కాళ్ల దగ్గర పడింది. అతను కాలితో ఆపాడు. ఆగింది. వణకలేదు. వట్టి తోలు బంతి, అక్కడక్కడ రంగు పోయి, ఒక పక్క కుట్టు లేచి ఉంది.

రాకేష్ ఒకసారి రేణుకమ్మను చూసి, బంతిని మెల్లగా తన్నుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. రెండు జట్లవాళ్లు అతని వెనక పోయారు. ఆట ఇంకా మిగిలే ఉంది కదా.

మేస్త్రి ఈసారి హారన్ కొట్టాడు. సుప్రియ కళ్లు తుడుచుకుని బండి వెనక మెట్టు ఎక్కింది. సత్యమ్మ ఆమె సీట్లో కూర్చోవడానికి ఎక్కిందనుకుంది. సుప్రియ పైనున్న మూటల తాళ్లు విప్పి, ఒక్కొక్కటి కింద నిలబడ్డ తల్లికి అందించింది. సత్యమ్మ అందుకుంది. చివరి మూట రేణుకమ్మ అందుకుంది.

ఆ సాయంత్రం ఎండ దిగిపోయేలోపు ఆట పూర్తి చేశారు. గద్వాల ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. ఆ గోల్ ఎడమ పక్క నుంచే వచ్చింది. శ్రవణ్ జారిపడ్డాడని కొందరు, రాకేష్ వెనక్కి రాలేదని కొందరు. నాగప్ప దుకాణంలో వారం పాటు ఎవరి గడ్డమూ సరిగ్గా గీయడం కుదరలేదు.

తర్వాత ఏ మైదానంలోనూ బంతి ఆగలేదు. వచ్చిన బంతిని వచ్చినట్టు తన్నుకోవాల్సి రావడంతో గద్వాల జట్టు ఆ పక్క కాపు కాయడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. రాకేష్ తానే అడిగి లెఫ్ట్ బ్యాక్‌కు మారాడు. దాంతో బాలస్వామి, నాగప్పల వాదం ఇంకా చిక్కుపడింది.

మరుసటి ఏడాది నాగర్‌కర్నూల్‌లో ఆట ఉందని ఇద్దరూ పొద్దున బస్సెక్కారు. బస్సులో మనుషులు నిలబడి ఉన్నారు. డ్రైవర్ బాలస్వామిని గుర్తుపట్టి ముందు వరసల్లో ఒక సీటు ఇద్దరికీ ఇప్పించాడు. వాళ్ల ముందు సీట్లో కిటికీ పక్కన సుప్రియ ఉంది. ఒళ్లో సంచి. అందులో తెల్ల కోటు, రేణుకమ్మ కట్టిచ్చిన సద్ది. నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్‌లో చేరి ఆమెకు కొన్ని నెలలైంది. శనివారం వచ్చి సోమవారం పోతుంది. కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది.

బస్సు ఎర్రవల్లి దాటకముందే ఆమె వెనక సీట్లో వాదం మొదలైంది.

"రాకేష్ ఇప్పుడు లెఫ్ట్ బ్యాక్ ఆడుతుండు సరే. కానీ మొదలు ఆ జాగల నిలబడ్డది శ్రవణే గదా."

"మొదలు ఎవరు నిలబడ్డరని కాదన్నా, ఎవరు నిలబడుతున్నరని చూడాలె."

"ఎన్ని రోజులకు తేలుస్తవ్ దీన్ని?"

నాగప్ప విసుగుతో ముందుకు వంగాడు. "బిడ్డా, నువ్వన్న చెప్పు. జితేందర్ జాగల ఎవరొచ్చినట్టు?"

సుప్రియ వెనక్కి తిరిగింది. ఆయన మొహంలో ఆట తప్ప ఇంకో ఆలోచన లేదు.

"ఇంకా తెల్వదు మామ," అంది. "చూస్తున్న."

"చూడు, ఆ పిల్ల గూడ తెల్వదంటుంది," అన్నాడు నాగప్ప గెలిచినవాడిలా. ఏం గెలిచాడో బాలస్వామికి అర్థం కాలేదు. ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. కింద కృష్ణ నిండుగా పోతోంది, రాళ్ల చుట్టూ తిరిగి, ఎర్రటి నీళ్లు. సుప్రియ కిటికీ అద్దం పక్కకు జరిపింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. వంతెన అయిపోయేదాకా ఆమె నీళ్ల మీది నుంచి కళ్లు తిప్పుకోలేదు.